కుడివైపు అల

నేను బోటు స్టీరింగు వదిలి ఏడాది దాటింది. నా సీట్లోకి వచ్చిన ఇద్దరు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, అల మెత్తగ వస్తుంది, ఏం జెయ్యాలె" అని అడుగుతుంటారు. ఫోన్‌లో చెప్తే సగం వింటారు, సగానికి ఆఁ ఆఁ అంటారు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నేను ఎప్పుడు చేరానో, దిగిపోయేరోజు ఎవరి చేతుల మీదుగా శాలువా కప్పించుకున్నానో ఇందులో ఉండదు. ఆ శాలువాను మా ఆవిడ కుట్టుమిషన్ మీద కప్పింది. అక్కడ దానితో అవసరం ఉంది.

ఈ పనిలో అల ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి నాకు ఎక్కువకాలం పట్టలేదు. బోటులో కూర్చున్న మనుషులు ఎలా కూర్చుంటారో తెలుసుకోవడానికే చాలాకాలం పట్టింది. రెండోది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

పని ఏంటంటే

కరీంనగర్‌లో మానేరు డ్యామ్ నీళ్ల మీద మాదొక చిన్న బోటింగ్ క్లబ్బు. అందులో వేక్ సర్ఫింగ్ ఆడించే బోటుకు డ్రైవర్ని నేనే, మెకానిక్‌ని నేనే, కడిగి తుడిచేవాణ్ణీ నేనే.

ఆ ఆట చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. బోటు పోతుంటే నీళ్లు చీలి వెనకాల రెండు వైపులా అలలు లేస్తాయి. ఆ అల మీద మనిషి ఒక బోర్డు వేసుకుని నిలబడాలి. నీళ్లలోంచి లేవడానికి మొదట బోటుకు కట్టిన తాడు పట్టుకుంటాడు. నిలదొక్కుకున్నాక తాడు వదిలేస్తాడు. అప్పటినుంచి అతన్ని లాగేది బోటు కాదు, అలే వెనకనుంచి నెడుతుంటుంది. ఆట మొత్తం ఆ తాడు వదలడంలోనే ఉంది. తాడు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా అది ఇంకా ఆట మొదలు కానట్టే.

మామూలు బోటు లేపే అల మనిషిని నెట్టలేదు. అందుకే బోటును బరువుతో కుంగదీస్తాం. సీట్ల కింద పెద్ద రబ్బరు సంచులుంటాయి, మోటారు పెట్టి డ్యామ్ నీళ్లనే వాటిలోకి తోడతాం. ఈ బరువునే బ్యాలస్ట్ అంటారు. ఏ వైపు అల కావాలో ఆ వైపు సంచినీ వెనక సంచినీ నింపితే బోటు అటు ఒరుగుతుంది. ఒరిగినవైపు అల ఎత్తుగా, నున్నగా లేస్తుంది. రెండోవైపు ఉత్త నురగ. వెనక బరువు పెంచితే అల నిటారుగా, పొట్టిగా వస్తుంది. ముందు సంచిలో కూడా కొంచెం నీళ్లు పోస్తే పొడుగు సాగుతుంది. బోటు వెనక కింద ఒక రేకుంటుంది. దాన్ని దించితే బోటు ముక్కు కిందికి దిగుతుంది, అల కొంచెం చదునవుతుంది. మీటలు ఇవే, వేరే రహస్యాలేం లేవు.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక నింపే పని ఆయనది, పైనున్న నేల కుంగకుండా. నేను నీళ్లు నింపి బోటును కుంగదీస్తున్నానని తెలిసినరోజు ఆయన మంచంలో పడుకునే చాలాసేపు నవ్వాడు. "నేను కుంగకుండ జేస్తే నువ్వు కుంగవెడుతున్నవా బిడ్డా" అన్నాడు. అప్పటికి ఆయనకు దగ్గు ఎక్కువగా ఉండేది, అయినా నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఇష్టం.

సారు రాళ్లు

బోటు యజమాని నర్సింగరావు సారు. హుజూరాబాద్ దగ్గర భూములున్న ఇంటి పెద్దకొడుకు. వ్యవసాయం తమ్ముడికి అప్పజెప్పి తాను గ్రానైట్ వ్యాపారంలోకి దిగాడు. క్వారీలో నిలబడి రాయిని చూస్తే చాలు, బరువు చెప్పేస్తాడు. సన్నగా, తుమ్మకర్రలా ఉంటాడు. కాలు ఒకచోట నిలవదు. ఎక్కడో సముద్రం ఒడ్డున వాడి వదిలేసిన బోటును ముచ్చటపడి కొని లారీ మీద తెచ్చాడు.

దాంతోపాటు వచ్చిన నీళ్ల సంచులు చిరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వచ్చేదాకా ఆగుదామని నేనన్నాను. ఆయన ఆగే మనిషి కాదు. "కరీంనగర్‌ల కూసోని రాళ్లు లేవంటే నవ్వుతరు మల్లేశం" అని మర్నాడే క్వారీనుంచి కోసిన రాతిముక్కలు తెప్పించి సీట్ల కింద సర్దించాడు. చెప్పొద్దూ, అల అదిరిపోయింది. పదిమందికి చూపించుకుని మురిసిపోయాం.

ఆ తర్వాతి వారం మాకు పని నేర్పడానికి గోవానుంచి ఫెర్నాండెజ్ అనే ట్రైనర్ వచ్చాడు. సీటు ఎత్తి లోపలికి చూశాడు. మళ్లీ మూసేసి, వెళ్లి జెట్టీ మీద కూర్చుని నీళ్లు తాగాడు. తర్వాత వచ్చీరాని హిందీలో ఒకటే మాట అడిగాడు, బోటులోకి నీళ్లు వస్తే ఈ రాళ్లు ఎటు పోతాయని. నీళ్ల సంచి నీళ్లలో మునిగితే దానికి బరువుండదు, బోటు తేలడానికి అది అడ్డం రాదు. రాయి మాత్రం బోటునూ అందులో ఉన్నవాళ్లనూ వెంటబెట్టుకుని అడుక్కి పోతుంది. ఈ చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

సారు వాదించలేదు. మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ పెట్టి రాళ్లన్నీ తీయించాడు. నేను పనిచేసిన పెద్దవాళ్లలో తప్పు తెలిసిన మర్నాడే దాన్ని ట్రాక్టర్‌కెత్తించిన మనిషి ఆయనొక్కడే. ఆయనతో నాకు ఎన్ని తగాదాలున్నా ఆ గౌరవం తగ్గలేదు.

రేస్ ఇవ్వకండి

కొత్తగా స్టీరింగు పట్టిన ప్రతివాడూ చేసే పొరపాటు ఇది. అల చిన్నగా ఉందంటే రేస్ పెంచుతాడు. వేగం పెరిగితే బోటు నీళ్ల మీదికి తేలిపోతుంది, తేలితే అల ఇంకా చిన్నదవుతుంది. దాంతో వాడు మళ్లీ పెంచుతాడు. అలకు కావలసింది గంటకు పదిహేడు పద్దెనిమిది కిలోమీటర్లు. నిండా జనమెక్కిన ఆటో గతుకుల రోడ్డు మీద పోయే వేగం అది. ఆ వేగంలోనే, అటూ ఇటూ కాకుండా, తిన్నగా పోవాలి.

సారు మాత్రం నా పక్కన, స్టీరింగు ఉండే కుడివైపు బెంచీ మీద కూర్చుని, "ఇంకొంచెం రేసియ్యి, ఇంకొంచెం" అంటూనే ఉండేవాడు. నేను సరే సార్ అని రేస్ మీట మీద చెయ్యి కదిలించి రేస్ మాత్రం అలాగే ఉంచేవాణ్ణి. ఆయన "ఆఁ, ఇప్పుడు జూడు" అని సంతోషపడేవాడు. ఈ విద్య కూడా మీకు అవసరం పడుతుంది.

లోతు సంగతి మరిచిపోవద్దు. ఎండాకాలంలో పొలాలకోసం కాలువలకు నీళ్లు వదిలితే మన దగ్గర నీళ్లు చూస్తుండగానే తగ్గుతాయి. లోతు తక్కువైన చోట ఎన్ని సంచులు నింపినా అల బురదనీళ్లలా విరిగిపోతుంది. డ్యామ్ కట్టకముందు మానేరు పారిన పాత పాయ నీళ్ల కింద ఇంకా లోతుగానే ఉంది. దాని దారి నాకు చేపలు పట్టేవాళ్లు చూపించారు. మీరూ వాళ్లనే అడగండి, వాళ్ల వలల దగ్గర బోటు నెమ్మది చేయండి. పొద్దున్నే పలకరిస్తే అన్నీ చెప్తారు.

ఇంకొన్ని మాటలు నవ్వకుండా చెప్తాను. నీళ్లను తోసే ఫ్యాన్, బోటు అడుగున కాకుండా వెనక బయటికి ఉండే బోటుతో ఈ ఆట ఆడించకండి, ఎవరు ఎంత బతిమాలినా సరే. నీళ్లలో ఉన్న మనిషి దగ్గరికి పోతే ఇంజన్ ఆపేయండి. వెనక్కి చూస్తూ ఒక మనిషి కూర్చోకపోతే బోటు కదిలించకండి, డ్రైవర్ ముందుకు చూడాలి. బోటు పక్కన అంటించిన పలక మీద ఎంత బరువని రాసి ఉంటే అంతే. ఇందులో సంచుల్లో నీళ్లూ లెక్కే, మనుషులూ లెక్కే.

సులోచనమ్మ మోకాలు

సులోచనమ్మ నర్సింగరావు సారు భార్య. ఇప్పుడు మోకాలి ఆపరేషన్ అయ్యి నాకంటే గట్టిగా నడుస్తోంది. నేను రాసేది ఆపరేషన్‌కు ముందు సంగతి.

బోటు వచ్చిన మొదటిరోజు సారు బోర్డు మీద నిలబడడానికి పొద్దంతా ప్రయత్నించి డ్యామ్ నీళ్లు చాలావరకు మింగాడు. సాయంత్రం ఆమె, "నేనొకపారి జూస్త" అని దిగింది. యాభై దాటిన మనిషి, కొంచెం భారీ మనిషి. తాడు పట్టుకుని మొదటిసారికే లేచి నిలబడింది. సారు ఆరోజునుంచి బోర్డు ముట్టలేదు, డ్రైవింగు మీద సలహాలివ్వడానికి మారిపోయాడు.

అయితే ఆమె తాడు మాత్రం వదల్లేకపోయింది. వదులుదామని చెయ్యి సడలించగానే బోర్డు వెనకబడేది, అల ఆమెను దాటుకుని ముందుకు పోయేది. ఆమె తోటికోడలు లావణ్యమ్మ వదిలింది. బంధువుల పిల్లలు వదిలారు. ఆమె ప్రతి ఆదివారం వచ్చి, ప్రతి ఆదివారం తాడుతోనే తిరిగివచ్చేది. ఈలోగా ఎడమ మోకాలు అరిగిపోయి డాక్టరు ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశాడు. ఆ తర్వాత ఇలాంటి ఆటలు బంద్ అన్నాడు. ఆపరేషన్‌కు ముందు బెల్టు కట్టుకుని, మోకాలు మెలిపడకుండా, ఎడమ కాలి మీద బరువు వేయకుండా అయితే ఒకసారి దిగొచ్చన్నాడు. అది కూడా ఆమె వదలకుండా అడిగితే.

ఆ మాట చెప్పడానికి ఆమె జెట్టీ దగ్గరికి వచ్చింది. ఇంత ఇబ్బంది పడి ఎందుకమ్మా, తాడుతో నిలబడుతున్నారు కదా, అదే చాలామందికి రాదు అని నేను సర్దిచెప్పబోయాను.

"తాడు వట్టుకున్నంతసేపు నన్ను ఎవలో గుంజుకపోతున్నట్టే ఉంటది మల్లేశన్నా," అంది. "ఇన్నేండ్లు గట్లనే పోయిన. ఒక్కపారి నాయంతట నేను పోయి జూస్త."

ఆవిడ ఎవరిమీదా నిష్ఠూరంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది.

ఆరోజు ఇంటికి పోతూ ఆలోచించాను. అల మీద బోర్డు ముందుకు పోవాలంటే ముందున్న కాలి మీద బరువు వేయాలి. వెనక కాలి మీద వేస్తే బ్రేకు పడినట్టే. ఆమె ముందు పెట్టేది ఎడమ కాలు. ఆ మోకాలు బరువు మోయదు కాబట్టి ఆమెకు తెలియకుండానే బరువంతా వెనక్కి పడుతోంది. అందుకే అల ఆమెను వదిలేస్తోంది. మరి ఎడమ కాలే ఎందుకు ముందు పెడుతోంది? మా బోటుకు ఫ్యాన్ తిరిగే తీరునుబట్టి ఎడమవైపు అల బాగా వస్తుంది. ఎడమవైపు అల మీద ఎడమ కాలు ముందుంటేనే ముఖం అలవైపు ఉంటుంది. అందుకని వచ్చినవాళ్లందరికీ మేం ఎడమ కాలే నేర్పాం. బోటుకు సులువని మనుషుల కాళ్లు మార్చాం. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. మార్చవలసింది బోటును.

కుడి కాలు ముందు పెట్టమంటే ఆమెకు కుడివైపు అల కావాలి. భారీ మనిషిని నెట్టగలిగే అల కావాలి. మా బోటు ఎన్నడూ లేపనిది అదే.

కుడివైపు

కుడి సంచినీ వెనక సంచినీ గొంతుదాకా నింపాను. ఎడమది ఖాళీ. అల లేచింది గానీ దాని మీద నురగ పొర్లుతోంది. ఇంకా బరువు కావాలి, సంచుల్లో చోటు లేదు. కూర్చునే మనుషుల్ని కుడివైపు కూర్చోబెట్టడం ఒక్కటే దారి.

మనుషులు దొరకడం కష్టం కాలేదు. ఆపరేషన్‌కు ముందు ఆదివారం అక్క బోర్డెక్కుతుందని లావణ్యమ్మా, సారు చిన్నాయన కోడళ్లు ఇద్దరూ టిఫిన్ డబ్బాలతో సహా వచ్చారు. ముగ్గురూ వరుసకు సారుకు మరదళ్లే. అమ్మా, మీరు ముగ్గురూ కుడివైపు బెంచీ మీద కూర్చుని కదలకండి, ఈరోజు మీరే మా సంచులు అని చెప్పాను. నవ్వుకుంటూ కూర్చున్నారు. కుడి కాలు ముందు పెట్టడం సులోచనమ్మ వారమంతా ఇంటి వరండాలో నేర్చుకుని వచ్చింది.

మొదటిసారి లేచింది, తాడు సడలించగానే వెనకబడింది. రెండోసారీ అంతే. మూడోసారి నీళ్లలో పడ్డాక లేవడానికి చాలాసేపు తీసుకుంది. రేకు దించి చూశాను, ఎత్తి చూశాను, ముందు సంచిలో నీళ్లు పోసి చూశాను. అల రావలసినంత రావడం లేదు. సారు నా పక్కనుంచి, "రేసియ్యి మల్లేశం, రేసియ్యి" అంటున్నాడు. ఈసారి ఆ గొంతులో సరదా లేదు.

సంచి ఎక్కడో కారుతోందనుకుని బోటును జెట్టీకి తెచ్చి కట్టాను. సులోచనమ్మ జెట్టీ మెట్టు మీద కూర్చుని మోకాలు రాసుకుంటూ, "నన్ను నూకాలంటే అలకు గూడ తాకతుండాలె గదా, దాని తప్పేమున్నది" అంది. మరదళ్లెవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

నేను సీటెత్తి చూస్తే సంచులన్నీ గట్టిగా, నిండుగా ఉన్నాయి. అప్పుడు సారుకు క్వారీనుంచి ఫోన్ వచ్చి, మాట్లాడడానికి గట్టుమీదికి పోయాడు. నా కాళ్ల కింద బోటు మెల్లగా కుడివైపు ఒరిగింది. తలెత్తి చూశాను. ముగ్గురు మరదళ్లూ కుడి బెంచీ మీద ఉన్నారు. సారు ఫోన్ ముగించి వచ్చి తన చోట కూర్చున్నాడు. ఒకరు నీళ్ల సీసా కోసమన్నట్టు లేచారు, ఒకరు ఎండ అన్నారు, లావణ్యమ్మ ఏమీ అనకుండానే జరిగింది. ముగ్గురూ ఎడమవైపుకు చేరారు. బోటు మళ్లీ నిటారుగా నిలబడింది.

లావణ్యమ్మను పక్కకు పిలిచి, కుడివైపే కూర్చోవాలని చెప్పాను కదమ్మా అన్నాను.

"బావ ఉన్నడు గదన్నా," అంది, నాకు తెలిసి ఉండాల్సిన విషయమే కదా అన్నట్టు.

నిజమే, నాకు తెలిసి ఉండాలి. మా ఇంట్లోనూ మా తమ్ముడి భార్య నేను కూర్చున్న మంచం మీద కూర్చోదు. లావణ్యమ్మ స్కూటీ మీద ఊరంతా తిరుగుతుంది, బావతో ఫోన్‌లో పరాచికాలాడుతుంది, ఇంటి లెక్కల దగ్గర ఆయనతో కొట్లాడుతుంది. కానీ ఆయనతో ఒక బెంచీ మీద భుజం ఆనించి కూర్చోవడం వేరు. దాంట్లో భయమేం లేదు, ఎవరూ చెప్పిందీ కాదు. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచినట్టు, ఆలోచించకుండానే జరిగిపోతుంది. పోనీ ఈ ఒక్కరోజుకు కూర్చోండమ్మా అంటే బెంచీ చివర సగం కూర్చుని సగం లేచి ఉంటారు, బోటు తిరిగిందంటే చాలు మళ్లీ జారిపోతారు. వాళ్లను అనడానికేం లేదు.

సారునే ఎడమవైపు కూర్చోమందామంటే ఆయన బరువు ఎడమకు పడుతుంది. ఆయన్ను కుడివైపే ఉంచి మరదళ్లను దింపేద్దామంటే ఆయనొక్కడి బరువు అలకు చాలదు. మిగిలింది ఒకటే. ఆ ఒక్కటి చెప్పడానికి నా నోరు రాలేదు. ఆయన జీతం తినే మనిషిని, ఆయన బోటులో నిలబడి ఉన్నాను. అటు చూస్తే మెట్టు మీద ఆమె మోకాలి బెల్టు విప్పుతోంది. బెల్టు విప్పిందంటే ఇక అయిపోయినట్టే.

సారూ, మీరు దిగాలె, అన్నాను. కారణం కూడా దాచకుండా చెప్పాను.

ఆయన మరదళ్లవైపు చూశాడు. వాళ్లు నీళ్లవైపు చూశారు. "నా బోటుల్నుంచి నన్నే దిగుమంటున్నవా?" అన్నాడు. కోపంగా కాదు, నమ్మలేనట్టు. నేను తల దించుకున్నాను. తర్వాత సారు గొంతు తగ్గించి అడిగాడు.

"నేను దిగితే ఆమె తాడు ఇడుస్తదా?"

"అది చెప్పలేను సార్. అల అయితే వస్తది."

ఆయన లేచాడు. లైఫ్ జాకెట్ విప్పి, మడతపెట్టి, తన చోట పెట్టి దిగాడు. జెట్టీ మీద ఆమె పక్కనుంచి పోతూ, వంగి ఆ బెల్టు తానే మళ్లీ బిగించాడు. తర్వాత గట్టుమీదికి నడిచాడు. వెనక్కి తిరిగి ఒకటే అడిగాడు, ఏ దారిన తీసుకుపోతున్నావని. పాత పాయ మీదుగా, మీ ముందునుంచే సార్ అన్నాను.

తాడు

డ్రైవర్ వెనక్కి చూడకూడదని పైన రాశాను. ఆరోజు నాకు అద్దంలోకి కూడా చూడాలని లేదు. ఎదురుగా ఒక కొండగుర్తు పెట్టుకుని, వేగం ముల్లు కదలనివ్వకుండా, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పోనిచ్చాను. వెనక్కి చూసే పని లావణ్యమ్మది. మిగతా ఇద్దరూ ఆమె పక్కనే, కుడి బెంచీ మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. తల కూడా తిప్పొద్దన్నాను. ఒకామె కళ్లు మూసుకుంది.

బోటు కుడివైపు ఎంత ఒరిగిందంటే నా మోచేయి అంచుకు ఆనుతోంది. నీళ్ల చప్పుడు మారింది. నురగ పగిలే చప్పుడు పోయి, బట్ట చింపినట్టు సన్నగా, ఒకే తీరుగా వస్తోంది. మంచి అల చప్పుడు అదే, మీరూ విని గుర్తుపెట్టుకోండి.

"లేచింది," అంది లావణ్యమ్మ. కొంచెం ఆగి, "నిలవడ్డది. కుడి కాలే ముందున్నది."

నేను కొండగుర్తు మీదినుంచి చూపు తిప్పలేదు.

"తాడు సడలింది. మళ్ల వట్టుకున్నది. జర వెనకకు జరిగింది. ఆఁ, ముందుకొచ్చింది."

తర్వాత ఆమె గొంతు ఆగిపోయింది. అదే సమయంలో స్టీరింగు నా చేతిలో కొంచెం తేలికైంది. మనిషి తాడును లాగుతుంటే బోటుకు ఆ బరువు తెలుస్తుంది, డ్రైవర్ చేతికీ తెలుస్తుంది. అది పోయింది. పడిపోయినా అలాగే పోతుంది. రేస్ తగ్గించాలా వద్దా తెలియలేదు.

ఏమైందమ్మా అని అడిగాను. మళ్లీ అడిగాను.

"ఇడిసిపెట్టిందన్నా," అంది. ఆమె ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. "తాడు లేకుండ వస్తుంది. రెండు చేతులు సాపుకోని వస్తుంది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటే స్టీరింగు కదులుతుందని తుడుచుకోలేదు. ముగ్గురు మరదళ్లలో ఒక్కరు కూడా చోటునుంచి కదల్లేదు. కళ్లు మూసుకున్నామె మూసుకునే ఉంది, చెంపలు మాత్రం తడిశాయి. అల ఎంతసేపు నిలిచిందో నేను లెక్కపెట్టలేదు. జెట్టీ దాటాం, గట్టు పొడుగునా పోయాం, లోతు తగ్గే చోటు దగ్గరపడుతుంటే నేనే మెల్లగా రేస్ తగ్గించాను. ఆమె పడలేదు. అల దిగుతుంటే దాంతోపాటే తానూ నీళ్లలోకి దిగింది.

బోటు తిప్పి, దగ్గరికి పోయి, ఇంజన్ ఆపేశాను. ఆమె లైఫ్ జాకెట్ మీద వెల్లకిలా తేలుతోంది. మరదళ్లు ఒక్కసారిగా లేచి అక్కా అక్కా అని చేతులు చాపారు. ఎక్కమని మెట్టు దించాను. ఆమె ఎవరి చెయ్యీ అందుకోలేదు. తడిసిన జుట్టు ముఖంమీదినుంచి తీసుకుని, గట్టు ఎటుందో చూసుకోవడానికన్నట్టు తల తిప్పింది గానీ, కళ్లజోడు లేక ఆమెకు అంతదూరం ఆనలేదు.

"ఆయన చూసిండా?" అని అడిగింది.

నేను గట్టువైపు చూశాను. నర్సింగరావు సారు గట్టు మీద లేడు. ఫోన్ చేతిలోనే పట్టుకుని, తోలు బూట్లతో, ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. నీళ్లలోకి వచ్చిన సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

"చూసిండమ్మా," అన్నాను. "బూట్లతోనే నీళ్లల్లకొచ్చి చూస్తుండు."

అప్పుడు ఆమె నాకు చెయ్యి అందించింది.